నన్నారి షర్బత్ పది రెట్లు కాస్తే టైమ్ చూడాలా, కొలత చూడాలా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), మార్చి 14, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. ఐదేళ్ళుగా ఎండాకాలం మొదలవగానే ఇంట్లో నన్నారి షర్బత్ కాచి వీధిలో వాళ్ళకు, చుట్టాలకు అమ్ముతున్నాను. మా జేజి నేర్పిన పద్ధతే. పావుకిలో నన్నారి వేర్లు దంచి 4 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెడతాను. పొద్దున 40 నిమిషాలు మరిగించి వడగడితే 3 లీటర్ల కషాయం మిగులుతుంది. దానికి ఐదున్నర కిలోల చక్కెర, నాలుగు నిమ్మకాయలు. ఇన్నేళ్ళలో ఒక్క సీసా చెడిపోలేదు.

ఈసారి అడిగేవాళ్ళు బాగా పెరిగారు. పెళ్ళిళ్ళకు వంట చేసే మా బావ దగ్గర 50 లీటర్ల గుండిగ, భట్టీ స్టవ్ తెచ్చుకుని అన్నీ పదింతలు వేశాను. 40 లీటర్ల నీళ్ళు, రెండున్నర కిలోల వేర్లు. టైమ్ మాత్రం అదే 40 నిమిషాలు. వడగట్టి రెండు గుండిగల్లోకి పంచి, మొత్తం 55 కిలోల చక్కెర కరిగించి సీసాల్లో పోశాను. తొమ్మిదో రోజు రాత్రి వంటింట్లో టప్ మని చప్పుడు. లేచి చూస్తే ఒక మూత ఎగిరి అవతల పడింది, సీసా మెడ నిండా నురగ. మరుసటి రోజుకు ఇంకో ముప్పై సీసాలు అట్లే పొంగాయి. అప్పటికే కొన్ని అమ్మేశాను. ఆ ఇళ్ళకు ఫోన్ చేసి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

రెండోసారి టైమ్ వదిలేసి కొలత పట్టుకున్నాను. 30 లీటర్లకు దిగేదాకా మరిగిస్తే గంటా నలభై నిమిషాలు పట్టింది. వీధి మలుపు దాకా ఘుమఘుమలాడింది, పక్కింటి వాళ్ళు వచ్చి అడిగారు. తీరా చల్లారాక చూస్తే కాఫీ డికాషన్ రంగు, నాలుక పట్టేసే వగరు. సీసాలో వాసన మాత్రం లేదు.

టైమ్ చూస్తే కొలత తప్పుతోంది. కొలత చూస్తే వాసన పోతోంది. పెద్ద ఎత్తున కాచిన అనుభవం ఉన్నవాళ్ళు దారి చూపండి.

దేవుని_కడప (కడప), మార్చి 14, రాత్రి 10.35

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు షర్బత్ బండి నడిపినవాణ్ణి. ఇప్పుడు మా పెద్దోడు చూసుకుంటున్నాడు. నేను ఎప్పుడూ పెద్ద గుండిగ పెట్టలేదు. 10 లీటర్ల గిన్నెలు మూడు, మూడు పొయ్యిల మీద పెట్టేవాణ్ణి. చేయి తిరిగిన కొలత అది, తప్పేది కాదు. పెద్ద గిన్నె ఎక్కించినప్పుడల్లా ఏదో ఒకటి చెడుతుంది. అయినా నీ రెండోసారి కషాయానికి వాసన ఎందుకు పోయిందో నాకు అర్థం కాలేదు. మా నాయన గంటసేపు కాచేవాడు. వేర్లు పాతవేమో చూడు. విరిస్తే వాసన రావాల.

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 14, రాత్రి 10.48

వేర్లు కొత్తవే పెద్దాయనా. ఒకే అంగడిలో ఒకే బస్తాలోంచి రెండుసార్లకూ తీసుకున్నాను. మొదటిసారి కాచినదానికి వాసన బ్రహ్మాండంగా ఉంది.

హిందూపురం_అబ్బాయి (ప్రస్తుతం బెంగళూరు), మార్చి 15, ఉదయం 7.10

అక్కా, నాది హిందూపురం, మన పాత అనంతపురం జిల్లానే. ఆరేళ్ళుగా బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో బీరు కాచే పని చేస్తున్నాను. షర్బత్ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ మీకు వచ్చిన చిక్కు అచ్చంగా మా చిక్కే. ఇంట్లో 20 లీటర్లు కాచి నేర్చుకున్నవాళ్ళు 100 లీటర్లకు వెళ్ళగానే మొదట పడేది ఇక్కడే.

చెప్పే ముందు మూడు సంగతులు కావాలి. చిన్న గిన్నె మూతి ఎంత, గుండిగ మూతి ఎంత? మొదటిసారి 40 నిమిషాల తర్వాత కషాయం కొలిచారా, లేక 30 లీటర్లు ఉంటుందని అనుకున్నారా? మూత పెట్టారా?

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 15, ఉదయం 8.25

ఇప్పుడే టేపు పెట్టి చూశాను. చిన్న గిన్నె మూతి 24 సెంటీమీటర్లు, గుండిగ 45. మూత పెట్టలేదు. మొదటిసారి కొలవలేదు తమ్ముడూ. పదింతలు వేశాను కాబట్టి పదింతలు వస్తుందనుకున్నాను. అక్కడే తప్పు చేశానా?

హిందూపురం_అబ్బాయి, మార్చి 15, మధ్యాహ్నం 2.40

అవునక్కా, అక్కడే. నీళ్ళు ఆవిరయ్యేది గిన్నెలో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి కాదు. అడుగున ఎంత మంట తగులుతోంది, పైన మూతి ఎంత వెడల్పు, ఈ రెండింటిని బట్టి. ఒక గిన్నె, ఒక మంట అనుకుంటే గంటకు ఇన్ని లీటర్లని లెక్క కుదిరిపోతుంది. లోపల 20 లీటర్లున్నా 40 లీటర్లున్నా ఆ లెక్క పెద్దగా మారదు.

మీ గుండిగ మూతి చిన్న గిన్నెకు రెట్టింపు కూడా లేదు. వైశాల్యం చూస్తే మూడున్నర రెట్లు. నీళ్ళు మాత్రం పది రెట్లు పోశారు. అందుకే చిన్న గిన్నెలో ఒక లీటరు పోయినట్టు ఇక్కడ 40 నిమిషాల్లో పది లీటర్లు పోవాల్సింది పోలేదు. మా దగ్గరా ఇంతే. ఇంట్లో 20 లీటర్ల బీరు కాచేవాళ్ళకు గంటలో 3, 4 లీటర్లు ఆవిరవుతుంది, అంటే దాదాపు ఐదో వంతు. మా 500 లీటర్ల పాత్రలో గంటకు పోయేది ఎనిమిది శాతం లోపే. శాతాలు నమ్ముకుని ఇంటి లెక్కను అక్కడికి మోసుకెళ్తే బీరు పల్చబడుతుంది.

ఒక పని చేయండి. ఉత్త నీళ్ళు 30 లీటర్లు ఆ గుండిగలో, అదే స్టవ్ మీద, అదే మంటతో సరిగ్గా గంటసేపు మరిగించి ఎంత తగ్గిందో చూడండి. దీన్ని ఒక్కసారి చేస్తే చాలు, ఆ గుండిగ ఉన్నన్ని రోజులూ పనికొస్తుంది. గ్యాస్ దండగ అనుకోవద్దు.

పచ్చిపులుసు_కిరణ్ (నంద్యాల), మార్చి 15, సాయంత్రం 6.05

అన్నా, బీరు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇదే గుండిగలో ఇంట్లో బీరు కాయొచ్చా?

హిందూపురం_అబ్బాయి, మార్చి 15, సాయంత్రం 6.30

మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడాన్ని ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు తమ్ముడూ. నేను చేసేది లైసెన్సు ఉన్న చోట ఉద్యోగం. ఇక్కడ షర్బత్ మాట్లాడుకుందాం.

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 17, మధ్యాహ్నం 12.15

చేశాను. 5 లీటర్ల క్యానుతో ఒక్కొక్కటే పోసి, పోసినప్పుడల్లా వెదురు కర్ర నిలువుగా దించి తడిసిన చోట కత్తితో గాటు పెట్టాను. 5, 10, 15 అట్లా 45 దాకా తొమ్మిది గాట్లు. అడుగున రెండు గాట్ల మధ్య దూరం కాస్త ఎక్కువగా వచ్చింది, గుండిగ అడుగు గుండ్రంగా ఉంటుంది కదా, అందుకేమో.

తర్వాత 30 లీటర్లు మరిగించాను. బుడగలు బాగా తెర్లడం మొదలైనప్పటి నుంచి గడియారం చూశాను. గంట తర్వాత మంట ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి కర్ర దించితే 25కూ 30కీ నడుమ, 25కు కొంచెం పైన తడిసింది. చెంబుతో కొలిచి చూస్తే తగ్గింది నాలుగున్నర లీటర్లు.

హిందూపురం_అబ్బాయి, మార్చి 17, రాత్రి 9.20

చల్లారాక కొలిచారు చూడండి, అది చాలా మంచి పని. మరుగుతున్న నీళ్ళు చల్లటి నీళ్ళ కంటే 4 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి. 30 లీటర్లకు అదే లీటరు పైన తేడా.

ఇప్పుడు మీ మొదటి షర్బత్ ఎందుకు పొంగిందో చూద్దాం. 40 లీటర్లు పోశారు. గంటకు నాలుగున్నర చొప్పున 40 నిమిషాలకు 3 లీటర్లు ఆవిరి. రెండున్నర కిలోల ఎండు వేర్లు తమ బరువంత నీళ్ళు తాగాయనుకుంటే ఇంకో రెండున్నర. మిగిలింది 34.5 లీటర్లు. మీరు 30 అనుకుని 55 కిలోల చక్కెర వేశారు. అంటే పాకంలో చక్కెర 61, 62 శాతం దగ్గర ఆగిపోయింది. చిన్న గిన్నెలో కాచినప్పుడు మీకు తెలియకుండానే 65 శాతం దగ్గర కుదిరేది. 34.5 లీటర్లకు 64 కిలోలు కావాలి. తొమ్మిది కిలోల చక్కెర తక్కువైంది. పాకం పల్చబడేసరికి కర్నూలు ఎండకు ఈస్ట్ (తీపిని పులియబెట్టే సూక్ష్మజీవి) దాన్ని పట్టుకుంది. నేను రోజూ కావాలని చేయించే పనే మీ సీసాల్లో దానంతట అది జరిగింది.

రెండోసారి పోయిన వాసన సంగతి. బీరులో హాప్స్ అనే పువ్వులు వేస్తాం. చేదు కోసం వేసేవి మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తాం, ఎందుకంటే ఆ చేదు దిగడానికి టైమ్ కావాలి. వాసన కోసం వేసేవి మాత్రం చివరి ఐదు పది నిమిషాల్లో, ఒక్కోసారి మంట ఆపేశాక. మొదటే వేస్తే వాసన నూనెలన్నీ ఆవిరితో పాటు పోతాయి. మీ వీధి మలుపు దాకా వెళ్ళింది అదే అక్కా. మీ షర్బత్ అక్కడికి పోయింది.

నీళ్ళు తగ్గడం ఒక పని, వేరులోని సారం దిగడం ఇంకో పని. చిన్న గిన్నెలో ఈ రెండూ 40 నిమిషాల్లోనే కలిసి పూర్తయ్యేవి. పెద్ద గుండిగలో వాటిని విడదీయక తప్పదు. అసలు 40 లీటర్లు ఎందుకు పోయాలి? మీకు కావాల్సింది 30 అయితే, వేర్లు తాగేది, 20 నిమిషాలు మరిగితే పోయేది, నీళ్ళు కాగేటప్పుడు పోయే అర లీటరు కలిపి 34.5 లీటర్లతో మొదలుపెట్టండి. పది లీటర్లు పోసి మళ్ళీ దాన్నే ఆవిరి చేయడానికి కిలో గ్యాస్ కాలుతుంది.

దేవుని_కడప, మార్చి 18, ఉదయం 6.15

నాయనా, లెక్క బాగుంది. కానీ ఒక మాట. నన్నారి అంటే రంగు, చిక్కదనం కూడా ఉండాల. ఉత్త వాసన చాలదు. ఇగరబెట్టని కషాయం గ్లాసులో పోస్తే నిమ్మకాయ నీళ్ళలా కనబడుతుంది. బండి దగ్గరికి వచ్చినవాడు మొదట చూసేది రంగే. నువ్వు చెప్పినట్టు ఇరవై నిమిషాలే కాస్తే ఆ ఎర్రదనం యాడి నుంచి వస్తుంది?

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం), మార్చి 18, మధ్యాహ్నం 1.30

నేను కెమిస్ట్రీ చెబుతాను. నన్నారి వేరు బెరడులో వాసన ఇచ్చేది ప్రధానంగా 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్‌కూ దీనికీ పరమాణువుల లెక్క ఒకటే, అమరిక వేరు. నన్నారి సీసా మూత తీయగానే వెనీలా గుర్తొచ్చేది అందుకే. ఇది నీటి ఆవిరితో కలిసి తేలిగ్గా లేచిపోతుంది. వేర్ల నుంచి దీన్ని వేరు చేయడానికి ల్యాబులో వాడే పద్ధతి కూడా వాటిలోకి ఆవిరి పంపి, లేచిన ఆవిరిని చల్లబరిచి పట్టుకోవడమే. మూత తీసి గంటా నలభై నిమిషాలు మరిగించడమంటే ఆ ల్యాబు పని చేసి, పట్టుకోవాల్సిన ఆవిరిని వదిలేయడం.

రంగూ వగరూ ఇచ్చే టానిన్ల లాంటివి ఎటూ పోవు. మరిగేకొద్దీ ఇంకా దిగుతాయి, నీళ్ళు తగ్గేకొద్దీ చిక్కబడతాయి. పెద్దాయన అడిగిన రంగు, అక్క పోగొట్టుకున్న వాసన ఒకే వేరులో ఉన్నా వాటి దారులు వేరు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. బోరు నీళ్ళు వాడుతున్నారా? మా జిల్లాలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. 40 లీటర్లు 30కి దిగితే లీటరులో ఉండే ఫ్లోరైడ్ మూడో వంతు పెరుగుతుంది. పిల్లలు కూడా తాగేది కాబట్టి దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పు నీళ్ళయితే గిన్నెకు తెల్లగా పొలుసు కడుతుంది, కషాయం రంగు కూడా నల్లబడుతుంది.

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 18, మధ్యాహ్నం 2.10

రెండుసార్లూ బోరు నీళ్ళే సార్. ఇంట్లో తక్కువ కాచేటప్పుడు ఫిల్టర్ నీళ్ళు పోసేదాన్ని. 40 లీటర్లు కావాలనేసరికి బోరు తిప్పాను. గుండిగకు తెల్లటి పొర కట్టిన మాట నిజమే. ఇకమీదట క్యాన్ నీళ్ళు తెప్పిస్తాను.

నల్లమల_అంచు (ఆత్మకూరు), మార్చి 18, రాత్రి 8.45

వేర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నా. మన అంగళ్ళలో నన్నారి పేరుతో రెండు రకాలు అమ్ముతారు. సన్నగా, పెన్సిల్ కంటే పలుచగా, మెలికలు తిరిగి ఉండేది సుగంధిపాల తీగ వేరు. బొటనవేలంత లావుగా, కండగా ఉండేది మారేడు గడ్డ, నల్లమల, శేషాచలం కొండల్లోది. రెండింటి వాసనా ఒకటే, గడ్డ ఘాటు ఎక్కువ. ఒకదానికి కుదిరిన తూకం ఇంకోదానికి కుదరదు. కాబట్టి అడిగి కొనండి.

రెండింట్లోనూ వాసన పైబెరడులోనే. నడిమి కట్టెలో ఏమీ ఉండదు, ఉత్తగా నీళ్ళు తాగుతుంది. రోకలితో మెల్లగా ఒక దెబ్బ వేస్తే బెరడు విడిపోతుంది, కట్టె తీసి పారేయండి. పొడి చేయొద్దు, వడకట్టడానికి ప్రాణం పోతుంది.

మారేడు గడ్డ అడవిలో తగ్గిపోతోంది. చెంచులు తవ్వేటప్పుడు తీగ బతకడానికి కొంత వేరు వదిలేసేవాళ్ళు. ఇప్పుడు బయటివాళ్ళు వచ్చి మొదలంటా పెరుకుతున్నారు. దొడ్లో సుగంధిపాల తీగ నాటుకుంటే మన నేలల్లో బాగానే వస్తుంది. నేను ఆరు మొక్కలు పెట్టాను.

హిందూపురం_అబ్బాయి, మార్చి 18, రాత్రి 10.30

పెద్దాయన చెప్పిన రంగు, సార్ చెప్పిన వాసన, రెండూ కావాలంటే వేర్లను రెండు పాళ్ళు చేయండి. నాలుగో వంతు, అంటే 600 గ్రాములు, మొదట్లోనే వేసి బాగా తెర్లనివ్వండి. రంగు దానితో వస్తుంది. మిగిలినది విడిగా 6 లీటర్ల నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతో సహా చివర్లో వేసి మంట బాగా తగ్గించి, మూత పెట్టి పదిహేను నిమిషాలు. ఆ 6 లీటర్లు కూడా 34.5లో భాగమే, మర్చిపోవద్దు. చల్లటి నీళ్ళు పడగానే వేడి పడిపోతుంది. మళ్ళీ కాగాకే పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి.

మూత విషయంలో మాకూ మీకూ తేడా ఉంది. బీరు మరిగేటప్పుడు మేము మూత పెట్టం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్ట్‌లోంచి ఉడికిన మొక్కజొన్న లాంటి ఒక వాసన వస్తుంది, అది ఆవిరితో పోవాలి. మీకు వాసన ఉండాలి కాబట్టి చివర్లో మూత ఉండాలి.

చక్కెరకు లీటర్ల లెక్క వదిలేయండి. కషాయాన్ని కాటా మీద తూచండి. 7 కిలోల కషాయానికి 13 కిలోల చక్కెర. ఎంత వచ్చినా ఈ పాళ్ళు మారవు, 65 శాతం దానంతట అదే కుదురుతుంది. బరువు వేడికి మారదు, అదే దీని గొప్ప.

దేవుని_కడప, మార్చి 19, ఉదయం 6.00

ఏడుకు పదమూడు. ఇది బాగుంది. మేము వేళ్ళ మధ్య తీగ సాగించి చూసేవాళ్ళం. అమ్మా, చక్కెర వేసేటప్పుడు మంట పూర్తిగా ఆపేయి. పెద్ద గుండిగలో చక్కెర నేరుగా అడుక్కు పోయి కూర్చుంటుంది, మంట ఉంటే అడుగంటుతుంది. ఒక్కసారి మాడిన వాసన పట్టిందంటే ఇక దాన్ని దించడం ఎవరి తరం కాదు. కరిగినాకనే మళ్ళీ వెలిగించు. గుండిగ మూడొంతుల్లో రెండొంతులకు మించి నింపొద్దు. చక్కెర మడ్డి తెట్టు కట్టి పాలకంటే వేగంగా పొంగుతుంది. కాలితే నీళ్ళలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుంటుంది. చిన్నపిల్లలను ఆ దరిదాపులకు రానియ్యొద్దు.

క్లాక్‌టవర్_అనంత, మార్చి 19, ఉదయం 9.15

థర్మామీటర్ ఉంటే ఇంకో ధీమా. 65 శాతం చక్కెర పాకం నీళ్ళ కంటే దాదాపు 4 డిగ్రీలు ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. అయితే నీళ్ళు అన్ని ఊళ్ళలోనూ 100 దగ్గర మరగవు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుంది. అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది, మాకు 99 దగ్గరే తెర్లుతాయి. ముందు మీ థర్మామీటర్‌ను ఉత్త నీళ్ళలో పెట్టి అది ఎంత చూపిస్తే దానికి 4 కలుపుకోండి. థర్మామీటర్‌లో తప్పున్నా ఈ పద్ధతిలో సరిపోతుంది.

పచ్చిపులుసు_కిరణ్, మార్చి 19, మధ్యాహ్నం 12.40

ఆన్‌లైన్లో బ్రిక్స్ (నూటికి చక్కెర ఎంత ఉందో) చూసే రిఫ్రాక్టోమీటర్ దొరుకుతోంది కదా, అక్కకు అది తెప్పిస్తే?

హిందూపురం_అబ్బాయి, మార్చి 19, మధ్యాహ్నం 1.05

మంచిదే, కానీ చూసి కొనాలి. బీరుకు, పండ్లరసానికి వాడేది 32 బ్రిక్స్ వరకే చూపిస్తుంది, దీనికి పనికిరాదు. తేనెకు వాడే రకం 58 నుంచి 90 దాకా చూపిస్తుంది, అది తీసుకోండి. చుక్క చల్లారాకే గాజు మీద వేయాలి.

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 23, రాత్రి 8.30

ఈ రోజు మూడోసారి కాచాను. మీ అందరికీ మొదటి నుంచి చివరి దాకా చెప్పాలని ఉంది.

రాత్రే బెరడు తీసి, 600 గ్రాములు ఒక పక్క, 1900 గ్రాములు 6 లీటర్ల క్యాన్ నీళ్ళలో ఒక పక్క పెట్టాను. పొద్దున ఆరున్నరకు 28.5 లీటర్లతో గుండిగ ఎక్కించాను. తెర్లడం మొదలవడానికే ముక్కాల్గంట పట్టింది. ఆ ముక్కాల్గంటను నేను ఇంతకుముందు లెక్కలోకే తీసుకోలేదు. ఇరవై నిమిషాలకు రంగు చూస్తే పెద్దాయన చెప్పిన ఎర్రదనం వచ్చింది, వాసన మాత్రం పలచగా ఉంది. అప్పుడు నానబెట్టినవి నీళ్ళతో సహా పోశాను. మళ్ళీ కాగగానే మంట సన్నం చేసి మూత పెట్టాను. ఎదురుగానే కూర్చున్నాను, రెండుసార్లు మూత అంచు నుంచి పొంగబోతే పక్కకు జరిపాను. పదిహేను నిమిషాలకు ఆపేసి, మూత తీయకుండా అరగంట వదిలేశాను.

ఈసారి వీధిలో ఎవరూ వాసన వచ్చిందని అడగలేదు. మూత తీసినప్పుడు మాత్రం మొహానికి గుప్పుమని కొట్టింది. మా పాప పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చి జేజి షర్బత్ అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండు పొరల గుడ్డలో వడగట్టి, రెండు గుండిగల్లో పోసి మా బావ కాటా మీద తూస్తే గిన్నెల బరువు తీసేసి 29.6 కిలోలు. ఏడుకు పదమూడు లెక్కన చక్కెర సరిగ్గా 55 కిలోలు వచ్చింది. మొదటిసారి వేసిన చక్కెరే ఇది! మంట ఆపి కొంచెం కొంచెంగా పోసి, మా ఆయనా నేనూ తెడ్లతో చెరో గుండిగ కలిపాం. కరగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వెలిగించి, తెట్టు తీసేసి, నిమ్మరసం పోశాను. మా థర్మామీటర్ ఉత్త నీళ్ళలో 98 చూపించింది, పాకం 102 దగ్గర తెర్లింది.

ఒక చిన్న అనుమానం. సీసాల్లో వేడిగా పోశాను. చల్లారాక మెడ దగ్గర లోపల నీటి చుక్కలు కనబడుతున్నాయి. ఇది మంచిదేనా?

క్లాక్‌టవర్_అనంత, మార్చి 23, రాత్రి 9.05

చాలా సంతోషం అమ్మా. ఆ చుక్కల విషయం సరిగ్గా గమనించారు. అవి పాకం మీదికి జారితే పైన సన్నటి పొర పల్చబడుతుంది, లోపల 65 ఉన్నా ఆ పొరలో 65 ఉండదు. ఈస్ట్, బూజు మొదట పట్టేది అక్కడే. చల్లారిన సీసాలన్నిటినీ ఈ రాత్రే ఒక్కసారి తలకిందులు చేసి బాగా తిప్పి పెట్టండి. ఈసారి నుంచి వేడిగా పోసి మూత బిగించగానే రెండు నిమిషాలు తలకిందులుగా ఉంచండి, మూత లోపలి భాగం కూడా ఆ వేడికి శుభ్రపడుతుంది. సీసాలు పొడిగా, వెచ్చగా ఉండాలి. చల్లటి సీసాలో పోస్తే పగులుతుంది.

తుంగభద్ర_ఒడ్డు, మార్చి 23, రాత్రి 9.40

ఇప్పుడే అన్నీ తిప్పి పెట్టాను, 85 సీసాలు.

హిందూపురం_అబ్బాయి, మార్చి 24, ఉదయం 7.30

అక్కా, ఆ 28.5, 600, 1900, ముక్కాల్గంట, 29.6 అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి, తేదీతో సహా. వచ్చే నెల గాలి, ఎండ మారితే ఒక లీటరు అటూ ఇటూ అవుతుంది, అప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. నాలుగు సీసాలు ఒక మూల పెట్టి, వాటిని మాత్రం అమ్మకుండా నెల రోజులు చూడండి.

తుంగభద్ర_ఒడ్డు, ఏప్రిల్ 24, సాయంత్రం 5.20

నెల అయింది. పక్కన పెట్టిన నాలుగు సీసాలూ ఇవాళ తీశాను. నురగ లేదు, మూతలు బిగువుగా ఉన్నాయి. కర్నూల్లో ఎండ మండిపోతోంది, మిగిలినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంతకుముందు పొంగిన సీసాలు వెనక్కి తీసుకున్న ఇళ్ళన్నిటికీ మొదట ఇచ్చి వచ్చాను, డబ్బు తీసుకోలేదు. పెద్దాయనా, మీకు రెండు సీసాలు కడప బస్సులో మా తమ్ముడితో పంపిస్తున్నాను.

దేవుని_కడప, ఏప్రిల్ 27, ఉదయం 6.20

అందినాయమ్మా. నిమ్మకాయ పిండి, సబ్జా వేసుకుని తాగినాను. మా నాయన కాచినదానికి ఒక పిసరు వగరు తక్కువ, వాసన ఎక్కువ. మా పెద్దోడు కూడా ఇప్పుడు 50 లీటర్ల గుండిగ తెస్తానంటున్నాడు. ఆ కర్ర వేపది పెట్టొచ్చా, వెదురే కావాల్నా?

తుంగభద్ర_ఒడ్డు, ఏప్రిల్ 27, ఉదయం 8.00

వెదురే పెట్టండి పెద్దాయనా. వేపకర్ర వేడి కషాయంలో దించితే చేదు దిగుతుంది. గాట్లు మీ గుండిగలో మీరే పోసి పెట్టుకోవాలి, నా కర్ర మీకు పనికిరాదు.